సత్తువ ఉన్నన్నాళ్ళే చప్పట్లా?

ఆట చూసేవారికి గెలుపు కనిపిస్తుంది, ఓటమి కనిపిస్తుంది. ఆడినవాడు ఆ తర్వాత ఎలా బతికాడన్నది కనిపించదు. సొంత ఊళ్ళో ఆడేవాడికి ఒళ్ళు అలిసిపోయాక కనీసం ఇల్లూ, అయినవాళ్ళూ ఉంటారు. దేశం కాని దేశంలో, ఏ క్లబ్బు పిలిస్తే ఆ క్లబ్బుకు ఆడుతూ, చిన్న లీగుల్లోనే వయసంతా వెళ్ళబుచ్చేవాడి సంగతి ఏమిటి? నూరేళ్ళ పైచిలుకు క్రిందట ఇంగ్లండులో ఆడిన ఆర్థర్ వార్టన్ బతుకు ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఆ జవాబు వినడానికి ఇంపుగా ఉండదు. అయినా ఆటలంటే అభిమానం ఉన్న ప్రతివారూ, ముఖ్యంగా ఆటలు నడిపే పెద్దలు తెలుసుకోవలసిన జవాబు అది.

చదువుకు వెళ్ళి ఆటగాడై...

వార్టన్ 1865 అక్టోబరు 28న పశ్చిమాఫ్రికాలోని అక్రా పట్టణంలో పుట్టాడు. బ్రిటిషు వారి ఏలుబడిలో ఉన్న ఆ ప్రాంతాన్ని అప్పట్లో గోల్డ్ కోస్ట్ అనేవారు. ఇప్పటి ఘనా దేశం అదే. తండ్రి హెన్రీ వార్టన్ వెస్టిండీస్‌లోని గ్రెనడా ద్వీపం నుంచి వచ్చిన మెథడిస్టు క్రైస్తవ బోధకుడు. తల్లి అక్కడి ఫాంటీ రాజవంశానికి చెందినది. అంటే తిండికి లేక దేశం విడిచినవాడు కాదు, పేరున్న ఇంటి బిడ్డ. మతబోధనకో, ఉపాధ్యాయ వృత్తికో తయారు కావాలని 1880లలో అతన్ని ఇంగ్లండుకు పంపారు. ఉత్తర ఇంగ్లండులోని డార్లింగ్టన్ పట్టణంలో క్లీవ్‌లాండ్ కాలేజీలో చేరాడు.

పుస్తకం కంటే మైదానం అతన్ని ఎక్కువగా లాగింది. పరుగులో అతన్ని పట్టుకోగలవారు ఆ ప్రాంతంలో లేకపోయారు. 1886 జూలైలో లండన్‌లోని స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ మైదానంలో జరిగిన జాతీయ పోటీల్లో వంద గజాలను సరిగ్గా 10 సెకన్లలో పరుగెత్తాడు. ఆ పోటీల్లో అంతకుముందు ఎవరూ ఆ పని చేయలేదు. 1887లోనూ ఆ బహుమతి అతనిదే. మరోవంక డార్లింగ్టన్ ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరుగా ఆడుతూ పేరు తెచ్చుకున్నాడు. అది చూసి ఆనాటి మేటి క్లబ్బుల్లో ఒకటైన ప్రెస్టన్ నార్త్ ఎండ్ పిలిచింది. 1886-87లో ఎఫ్.ఎ. కప్పు సెమీఫైనల్ దాకా ఆ జట్టు గోలు కాసింది వార్టనే.

ఆ రోజుల్లో గోలు కాయడమంటే మాటలు కాదు. ఎదుటి జట్టు ఫార్వర్డులు కీపరును భుజంతో మోది బంతితో సహా గోలులోకి నెట్టినా నిబంధనలు అడ్డు చెప్పేవి కావు. దెబ్బలకు తట్టుకునే ఒళ్ళూ, రెప్పపాటులో కదిలే కాళ్ళూ ఉంటే తప్ప ఆ స్థానంలో నిలవడం కష్టం. వార్టన్‌కు ఆ రెండూ ఉన్నాయి. వాటితోపాటు జనాన్ని నవ్వించే చిలిపితనం కూడా ఉంది. గోలు స్తంభం పక్కన ఒదిగి కూర్చుని, బంతి వచ్చే ఆఖరి క్షణాన లంఘించి పట్టేవాడు. అతని ఆట చూసిన ఒక ప్రేక్షకుడు ఎన్నో ఏళ్ళ తర్వాత, 1942లో, షెఫీల్డు పత్రికకు ఉత్తరం రాస్తూ ఒక ముచ్చట గుర్తు చేసుకున్నాడు. ఒక మ్యాచిలో వార్టన్ ఎగిరి గోలు పైకర్రను పట్టుకు వేలాడుతూ బంతిని కాళ్ళ మధ్య ఇరికించి పట్టేశాడట. మీదికి దూసుకొచ్చిన ముగ్గురు ఫార్వర్డులు ఆగలేక గోలులో పడ్డారట. యాభై ఏళ్ళకు దగ్గరపడినా ఆ దృశ్యం ఆ ప్రేక్షకుడు మరచిపోలేదు. జనానికి అతను పంచిన సంతోషం అంతటిది.

ఆ చిలిపితనమే మరో ఆటగాడిదైతే వేడుక అనేవారు. వార్టన్ విషయంలో మాత్రం ఒక పత్రిక అతని రంగును ఎత్తి ఎగతాళి చేసింది. బుర్ర మందం కాబట్టే అలా ఆడుతున్నాడన్నట్టు రాసింది. ఇంగ్లండు జాతీయ జట్టులో అతనికి ఏనాడూ చోటు దక్కలేదు. నల్లజాతి ఆటగాడు ఒకరు ఇంగ్లండు పూర్తిస్థాయి జట్టులో ఆడడానికి 1978 దాకా ఆగవలసి వచ్చింది.

క్లబ్బు నుంచి క్లబ్బుకు...

ఫుట్‌బాల్ ఆటగాళ్ళు బాహాటంగా డబ్బు పుచ్చుకోవడానికి ఇంగ్లండు ఆట పెద్దలు 1885లో ఒప్పుకున్నారు. 1888లో పన్నెండు క్లబ్బులతో లీగు మొదలైంది. సరిగ్గా ఆ ఏడాదే వార్టన్ ప్రెస్టన్‌ను వదిలి, డబ్బు పందేలకు పరుగెత్తడం కోసం షెఫీల్డు దారి పట్టాడు. విధి అంటే ఇదేనేమో! ఆ 1888-89 సీజనులో ప్రెస్టన్ జట్టు లీగులో ఒక్క మ్యాచి కూడా ఓడకుండా లీగునూ, కప్పునూ రెండింటినీ గెలిచింది. ఆ జట్టు పేరు ఇప్పటికీ చరిత్రలో ఉంది. అందులో వార్టన్ పేరు లేదు.

1889లో రాథర్‌హామ్ టౌన్ క్లబ్బులో జీతానికి కుదిరాడు. జీతానికి ఆడిన తొలి నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడుగా చరిత్రకారులు ఎక్కువమంది అతన్నే లెక్కిస్తారు. అక్కడే 1890లో పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు. 1894లో పెద్ద డివిజనులో ఉన్న షెఫీల్డ్ యునైటెడ్ పిలిచింది. వెళ్ళి చూస్తే అక్కడ విలియం ఫోక్ అనే భారీకాయుడు గోలు కాస్తున్నాడు. అతను బరిలో ఉన్నంతకాలం రెండోవాడికి బెంచీయే గతి. ఆ ఏడాది వార్టన్ ఆడిన మ్యాచిలు వేళ్ళమీద లెక్కించదగినవి. 1895లో తిరిగి రాథర్‌హామ్‌కు వచ్చాడు. 1896లో స్టాలీబ్రిడ్జ్ రోవర్స్. ఆ తర్వాత ఆష్టన్ నార్త్ ఎండ్. 1899లో ఆ క్లబ్బు దివాలా తీసి చేతులెత్తేసింది. మళ్ళీ స్టాలీబ్రిడ్జ్. ఆఖరున 1901-02లో రెండో డివిజనులోని స్టాక్‌పోర్ట్ కౌంటీకి కొన్ని మ్యాచిలు ఆడి, 1902లో ఆట విరమించాడు. అప్పటికి ముప్పై ఆరేళ్ళు. వేసవిలో ఫుట్‌బాల్ ఉండదు కనుక, ఆ నెలల్లో క్రికెట్ క్లబ్బులకు కూలికి ఆడేవాడు.

ఈ జాబితా చదివి నిలకడ లేని మనిషి అనుకోవడం సులభం. అయితే ఆనాటి జీతం ఆట ఎలా నడిచేదో తెలిస్తే ఆ మాట నిలవదు. క్లబ్బులకు ఉన్న రాబడి గేటు దగ్గర వసూలయ్యే టిక్కెట్టు డబ్బే. చిన్న పట్టణంలో ఒక మిల్లు మూతపడినా, నాలుగు శనివారాలు వాన కురిసినా ఆ రాబడి పడిపోయేది. రాబడి పడిపోతే మొదట కోతపడేది ఆటగాడి జీతానికే. కాలు విరిగినవాడిని ఆదుకోవడం క్లబ్బు దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన సంగతి. వయసు మళ్ళిన వాడికి పింఛను అన్న మాటే లేదు.

దానికి తోడు 1893 నుంచి లీగులో మరో కట్టుబాటు అమలులోకి వచ్చింది. ఒక క్లబ్బు పుస్తకాల్లో పేరున్న ఆటగాడు, ఒప్పందం గడువు ముగిసినా సరే, ఆ క్లబ్బు వదిలితే తప్ప లీగులోని మరో క్లబ్బుకు ఆడడానికి వీలులేదు. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు కూడా ఏడాది తిరిగాక మరో రైతు గడప తొక్కవచ్చు. ఫుట్‌బాల్ ఆటగాడికి ఆ స్వేచ్ఛ కూడా లేకుండా చేశారు. 1901లో వారానికి నాలుగు పౌన్లకు మించి ఎవరికీ జీతం ఇవ్వరాదని మరో గీత గీశారు. ఆ జీతం కట్టుబాటు 1961 దాకా నిలిచింది. క్లబ్బు కట్టుబాటు సరికాదని కోర్టు చెప్పింది 1963లో. అంటే వార్టన్ ఆడిన కాలంలో క్లబ్బుకు ఆటగాడి మీద హక్కులున్నాయి, ఆటగాడికి క్లబ్బు మీద ఏ హక్కూ లేదు.

మైదానం నుంచి గనిలోకి

ఆడుతున్న రోజుల్లోనే వార్టన్ రాథర్‌హామ్‌లోనూ, షెఫీల్డులోనూ పబ్ అని అక్కడివారు పిలిచే మద్యం దుకాణాలు నడిపాడు. పేరున్న ఆటగాడు కౌంటరు దగ్గర నిలబడితే జనం వస్తారన్నది ఆనాటి లెక్క. అవి అతన్ని గట్టెక్కించలేదు. పైగా తాగుడు అలవాటై ఆటనూ దెబ్బతీసింది. చదివిన చదువు కొరగాకుండా పోయింది, ఆట ముగిసింది, పుట్టిన దేశం వేల మైళ్ళ దూరంలో ఉంది. చివరికి డాంకాస్టర్ దగ్గర ఎడ్లింగ్టన్ అనే పల్లెలోని యార్క్‌షైర్ మెయిన్ బొగ్గుగనిలో కూలీగా చేరాడు. గనిలో బొగ్గు టబ్బులు నడిపించే పని. ఒకప్పుడు పది సెకన్లలో వంద గజాలు పరుగెత్తిన కాళ్ళు నేల అడుగున చీకట్లో టబ్బుల వెంట నడిచాయి.

గని పని చేయడం తక్కువ అని కాదు. ఏ కష్టమైనా గౌరవమైనదే. అతని చమట మీద గేటు డబ్బు వసూలు చేసుకున్న క్లబ్బులు అరడజను. ఆ క్లబ్బులకు గానీ, ఆటను నడిపిన సంఘాలకు గానీ అతను ఎక్కడున్నాడన్న ధ్యాసే లేకపోవడం మాత్రం శోచనీయం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెతకు ఇంతకంటే నిదర్శనం వెతకనక్కరలేదు.

1930 డిసెంబరు 13న, అరవై అయిదేళ్ళ వయసులో, వార్టన్ శానిటోరియంలో కన్నుమూశాడు. ఎడ్లింగ్టన్ శ్మశానంలో బీదవారి వరుసలో పాతిపెట్టారు. పేరు చెక్కిన రాయి కూడా లేదు. షెఫీల్డులోని ఒక సంస్థ పూనుకుని ఆ సమాధిపై రాయి పెట్టించింది 1997లో. అంటే అరవై ఆరేళ్ళ తర్వాత! 2003లో ఇంగ్లండు ఫుట్‌బాల్ ప్రముఖుల జాబితాలో పేరు చేర్చారు. 2014లో ఇంగ్లండు జాతీయ ఫుట్‌బాల్ కేంద్రంలో పెద్ద కంచు విగ్రహం నిలబెట్టారు. విగ్రహం పెట్టడం మంచి పనే, తప్పుపట్టవలసింది లేదు. కానీ చచ్చినవాడి కళ్ళు చారెడేసి అన్నట్టు, చనిపోయినవారిని పొగడడానికి ఖర్చు తక్కువ. ఆ కంచుకు అయిన ఖర్చులో పదో వంతు వంటి సాయం 1902లో అందివుంటే ఆ కుటుంబం కథ వేరుగా ఉండేది.

తప్పు ఎవరిది?

ఈ సందర్భంలో ఒక వాదన వినిపిస్తుంది. ఆటగాడు రెండు చేతులా సంపాదించే రోజుల్లో వెనకేసుకోవద్దా? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అన్నారా? తాగి పోగొట్టుకుంటే దానికి క్లబ్బు ఏం చేస్తుంది? ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. మనిషి తన బతుకుకు తాను బాధ్యుడే. వార్టన్ తప్పులు వార్టన్‌వే.

అయితే వెనకేసుకోవడానికి అతని దగ్గర మిగిలింది ఎంత? ఏడాదికోసారి ఊరు మారేవాడు, ఆడితేనే జీతం, క్లబ్బు మునిగితే అదీ లేదు. రైతుకు ఒక పంట పోతే మరో పంట ఉంటుంది, పొలం ఎక్కడికీ పోదు. ఆటగాడి పొలం అతని ఒళ్ళే. అది పండేది పది పదిహేనేళ్ళు. స్థానికుడైన ఆటగాడికి ఆ పదిహేనేళ్ళ తర్వాత తండ్రి చేసిన వృత్తి ఉంటుంది, బావమరిది దుకాణం ఉంటుంది, పంచాయితీ చెప్పే పెద్దమనిషి ఉంటాడు. వలస వచ్చినవాడికి అవేవీ ఉండవు. అందుచేత అందరికీ ఒకే నియమం అని చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఎవరికి ఆసరా తక్కువో వారికే కట్టుబాట్ల రక్షణ ఎక్కువ కావాలి.

ఇది పాత కథ కాదు

ఇదంతా ఇంగ్లండులో ఎప్పుడో జరిగిన ముచ్చటని కొట్టిపారేయడానికి వీలులేదు. కేరళలో, ముఖ్యంగా మలప్పురం జిల్లాలో, ఏడుగురు చొప్పున ఆడే సెవెన్స్ ఫుట్‌బాల్‌కు జనం విరగబడి వస్తారు. నైజీరియా, ఘనా, లైబీరియా, ఐవరీకోస్ట్ వంటి దేశాల కుర్రవాళ్ళు అక్కడికి వచ్చి మ్యాచికి ఇంతని కూలికి ఆడుతున్నారు. వార్టన్ పుట్టిన గడ్డ నుంచే ఇప్పటికీ ఈ వలస సాగుతోందన్నది గమనార్హం. 2018లో వచ్చిన ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ అనే మలయాళ చిత్రం అటువంటి ఆటగాడి కథే. 2020లో కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు పోటీలు ఆగిపోయి, విమానాలు లేక, ఈ ఆటగాళ్ళు అనేకమంది అక్కడే చిక్కుకుపోయారు. ఆడితేనే కూలి కనుక రాబడి ఒక్కసారిగా నిలిచిపోయింది. స్థానిక క్లబ్బులవారూ, ఊరివారూ కడుపు నింపారు. అది ఆ జనం మంచితనం. 2024 మార్చిలో అదే జిల్లాలోని అరీకోడ్ దగ్గర ఐవరీకోస్ట్ ఆటగాడు ఒకరిని ప్రేక్షకులు తరిమి కొట్టారు. రంగును ఎత్తి తిట్టారని అతను పోలీసు అధికారులకు ఫిర్యాదు చేశాడు. మంచితనమూ, దుర్మార్గమూ రెండూ ఒకే చోట ఉన్నాయి. ఏది ఎప్పుడు ఎదురవుతుందో అదృష్టానికి వదిలేయడమే తప్పు.

వలస వెళ్ళిన ఆటగాడికి ఆసరా కల్పించడం అసాధ్యమేమీ కాదని హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రే చెబుతుంది. రహీం సాహెబు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టులో ఆడేవారికి పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. ఆట ఆగినా నెల జీతం ఆగేది కాదు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడారు. 1956, 1960 ఒలింపిక్సులో దేశం తరఫున ఆడారు. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. ఆరోగ్యం దెబ్బతిని చిన్న వయసులోనే ఆట మానవలసి వచ్చింది. అయినా రైల్వే ఉద్యోగం ఉండబట్టి, 2023లో కన్నుమూసే దాకా బెంగాల్లోనే గౌరవంగా బతికారు. వార్టన్‌కూ, బలరాంకూ తేడా ఆటలో లేదు. ఆట వెనుక ఉన్న ఆసరాలో ఉంది.

పెద్దలు చేయదగిన పని

జిల్లాలోని పల్లెల్లో సంక్రాంతికీ, తిరునాళ్ళకూ, జాతరలకూ కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెట్టడం మామూలే. బహుమతి మీద పంతం పెరిగేకొద్దీ పక్క మండలం నుంచో, పక్క రాష్ట్రం నుంచో ఆటగాళ్ళను కూలికి పిలిపించడమూ మామూలే. గెలిచినప్పుడు భుజాల మీద ఊరేగిస్తారు. మోకాలు తిరగబడితే మాత్రం ఆటో ఎక్కించి పంపేస్తారు. ఆసుపత్రి ఖర్చు ఎవరిది అని అడిగే నాథుడు ఉండడు. పందెం చిన్నదే కావచ్చు, లీగు లేకపోవచ్చు. కానీ వార్టన్ కథలోని అన్యాయం అణువంత రూపంలో ఇక్కడా ఉంది.

దీన్ని సరిదిద్దడానికి చట్టసభ కూర్చోనక్కరలేదు. పోటీలు నడిపే కమిటీలు చందాల్లో కొంత భాగం దెబ్బతగిలిన ఆటగాళ్ళ వైద్యానికి విడిగా పెట్టవచ్చు. బయటి ఆటగాడిని పిలిచినప్పుడు కూలి ఎంతో, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారో నలుగురి ముందు కాగితం మీద రాసుకోవచ్చు. పోటీ జరిగే మూడు రోజులకు ప్రమాద బీమా తీసుకోవచ్చు. కులం పేరు, ఊరు పేరు, రంగు ఎత్తి తిట్టేవాడిని మైదానం నుంచి బయటకు పంపవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆటలో రాణించే కుర్రవాడిని బడి మాన్పించకుండా చూడవలసిన బాధ్యత తల్లిదండ్రులతో పాటు, అతని ఆట చూసి మురిసిపోయే ఊరికి కూడా ఉంది. చదువు గానీ, చేతిలో ఒక పని గానీ ఉంటే ముప్పై అయిదో ఏట మోకాళ్ళు సహకరించకపోయినా బతుకు ఆగదు.

ప్రతిభ ఉన్నవాడు ఎక్కడి నుంచి వచ్చాడన్నది ఆట చూడదు. బంతికి కులం లేదు, రంగు లేదు, దేశం లేదు. ఆ సంగతి మైదానం లోపల అందరూ ఒప్పుకుంటారు. మైదానం బయట కూడా ఒప్పుకోవడమే అసలు పరీక్ష. పరాయి ఊరి నుంచి వచ్చి ఊరి పరువు నిలబెట్టిన ఆటగాడు, ఆడగలిగినన్నాళ్ళే కాక ఆడలేని నాడు కూడా ఊరివాడే. విగ్రహాలు తర్వాత పెట్టుకోవచ్చు. కాలు విరిగిన రోజున వైద్యుడి ఫీజు కట్టడం ముందు నేర్చుకోవాలి.